ఐదు కాళ్ళతో నీటి మీద

నీటి మీద తిరిగే పురుగుకు ఆరు కాళ్ళలో ఒకటి తెగిపోతే ఏమవుతుందని అడిగితే, మునిగిపోతుందేమోనని ఎక్కువమంది అంటారు. మునగదు. ఆ మాటకొస్తే రెండు కాళ్ళు పోయినా మునగదు. నీటి మీద నిలబడటం ఆ పురుగుకు పెద్ద పని కాదు. దాని బరువును మోయడానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆధారం ఒక్కొక్క కాలి కిందే ఉంటుంది. కష్టం వచ్చేది కదలికలో. ఆ కష్టం ఎంత అన్నది కూడా పోయిన కాళ్ళ లెక్కను బట్టి ఉండదు, ఏ కాలు పోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బెంగళూరులో మా ఇంటి దగ్గరి చెరువు గట్టున కూర్చుని కొంతకాలంగా నేను చూస్తున్నదీ, దాని గురించి చదివి తెలుసుకున్నదీ ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి వాటిని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను చెబుతున్న పురుగును చూడనివారు ఉండరు. చెరువులోనో, దిగుడుబావిలోనో, వానకు నిండిన గుంటలోనో నీటి మీద పొడవాటి కాళ్ళు చాచుకుని నిలబడి, మనిషి నీడ పడగానే చటుక్కున జారిపోయే సన్నని నల్లని పురుగు అది. వాటర్ స్ట్రైడర్ అని ఇంగ్లీషులో పిలిచే ఈ పురుగులది జెర్రిడే కుటుంబం. చాలామంది దీన్ని సాలీడు అనుకుంటారు కానీ కాదు. నల్లి, పేనుబంక, వరిచేలోని సుడిదోమ చేరిన హెమిప్టెరా క్రమానికి చెందిన కీటకం ఇది. ముందు కాళ్ళు పొట్టిగా ఉండి తలకు దగ్గరగా ముడుచుకుని ఉంటాయి కాబట్టి, పైనుంచి చూసినప్పుడు నాలుగు కాళ్ళే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పొట్టి కాళ్ళతో అది ఎరను పట్టుకుంటుంది. మధ్య కాళ్ళు అన్నిటికంటే పొడవైనవి. నీటిని వెనక్కి తోసేవి అవే. వెనక కాళ్ళు బరువు మోస్తూ దిశ చూసుకుంటాయి. మూడు జతలకూ మూడు వేరువేరు పనులు. కాలు పోయిన పురుగు పడే అవస్థ అంతా ఈ పని పంపకంలోనే ఉంది.

మా చెరువు పక్కన, సర్జాపుర రోడ్డు వైపు, వినాయక నిమజ్జనం కోసం కట్టిన, ఇక్కడివారు కల్యాణి అని పిలిచే చిన్న కొలను ఒకటి ఉంది. పండుగ ముగిసి, దాన్ని కడిగి, మళ్ళీ వాన నీరు చేరాక అందులో నీరు మోకాలి లోతున తేటగా నిలుస్తుంది. అడుగున సిమెంటు గచ్చు. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ ఈ పురుగులను గమనించడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు దొరకలేదు, ఎందుకంటే అప్పుడు పురుగు మీద చూపు నిలపనక్కర లేదు, గచ్చు మీద పడే దాని నీడను చూస్తే చాలు. కాలు ఆనిన చోట నీటి పైపొర కుంగుతుంది. ఆ కుంగిన చోట వెలుతురు వంగి పక్కలకు పోతుంది కాబట్టి, అడుగున కాలి నీడ సన్నని గీతలా ఉండదు, చుట్టూ మెరిసే అంచుతో కోలగా ఉన్న నల్లని మచ్చలా పడుతుంది. మధ్య కాళ్ళకు రెండు, వెనక కాళ్ళకు రెండు పెద్ద మచ్చలు, ముందు కాళ్ళకు రెండు చిన్నవి. మచ్చ పెద్దదైతే ఆ కాలు నీటిని ఎక్కువగా నొక్కుతున్నట్టు. పురుగు తన బరువును ఏ కాలి మీద ఎంత పెట్టిందో ఆ గచ్చు మీదే చదువుకోవచ్చు.

ఒక ఉదయం అలా చూస్తుండగా ఒక నీడలో ఎడమవైపు మచ్చ ఒకటి తక్కువగా కనిపించింది. తలెత్తి పురుగును చూస్తే ఎడమ మధ్యకాలు మొదలంటా లేదు. అది నిలబడిన తీరే వేరుగా ఉంది. ఎడమ వెనక కాలిని మామూలుకంటే ముందుకు జరిపి, పోయిన కాలి చోటును సగం కప్పినట్టు పెట్టుకుంది. ఆ కాలి కింది మచ్చ కుడి వెనక కాలి మచ్చకంటే స్పష్టంగా పెద్దది. శరీరం ఎడమకు కొద్దిగా వాలింది, అంతే. మునిగే సూచన ఏదీ లేదు. తర్వాత అది కుడి మధ్యకాలితో ఒక్క తోపు తోసింది. ముందుకు జారింది, జారుతూనే తల ఎడమవైపుకు తిరిగింది. ఆగింది. ఎడమ వెనక కాలితో చిన్న తోపు ఒకటి వేసి తలను కొంత కుడికి తెచ్చుకుని, మళ్ళీ కుడి మధ్యకాలితో తోసింది. ఈసారి తోపు చిన్నది, తల తిరిగింది కూడా తక్కువే. ఇలా చిన్న చిన్న వంపులను ఒకదానికొకటి అతుకుతూ నీటి మీద పడిన ఎండుటాకు అంచు దాకా చేరింది. పక్కనున్న ఆరుకాళ్ళ పురుగులు ఆ దూరాన్ని ఒక్క ఊపులో దాటుతున్నాయి.

ముందు మునగకపోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడి లెక్క ఎంతో ముచ్చటగా ఉంటుంది. నీటి పైపొరను సాగదీసిన తోలులా బిగుతుగా ఉంచే బలాన్ని తలతన్యత అంటారు. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికి అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. నీటి మీద అడ్డంగా ఆనిన సన్నని కాలిని నీటి పొర రెండు పక్కలనుంచీ పైకి లాగుతుంది కాబట్టి, పొర చిరగకుండా మోయగలిగిన గరిష్ఠ బలం మీటరుకు 144 మిల్లీన్యూటన్లు అవుతుంది. అంటే సెంటీమీటరు పొడవున్న కాలికి 1.44 మిల్లీన్యూటన్లు. పది మిల్లీగ్రాముల పురుగు బరువు 0.1 మిల్లీన్యూటన్. ఒక్క సెంటీమీటరు కాలు నీటికి ఆనితే చాలు, పురుగు బరువుకు పద్నాలుగు రెట్ల ఆధారం దొరుకుతుందన్నమాట. ఇది కాగితం మీది లెక్క. 2004లో చైనా శాస్త్రజ్ఞులు షుఏఫెంగ్ గావ్, లెయ్ జియాంగ్ ఈ పురుగు కాలిని తీసుకుని, నీటి పొర చిరిగేదాకా నొక్కి కొలిచినప్పుడు ఒక్క కాలు 152 డైన్ల (అంటే 1.52 మిల్లీన్యూటన్ల) బలాన్ని ఓర్చుకుంది; అది పురుగు మొత్తం బరువుకు సుమారు పదిహేను రెట్లు. కాగితం మీది లెక్కకూ కొలతకూ ఇంత దగ్గరి పొత్తు కుదిరిన సందర్భాలు నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తాయి. నేచర్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం కాలి మీద ఏటవాలుగా వాలిన వేల సూక్ష్మ రోమాలు, ఆ రోమాల మీద మరింత సూక్ష్మమైన గాడులు ఉన్నాయి. వాటి మధ్య గాలి చిక్కుకుని ఉండటం వల్ల నీరు కాలికి అంటదు. ఆ కాలి మీద నీటి బొట్టు ఆనే కోణం, అంటే స్పర్శ కోణం, 167 డిగ్రీలు దాటింది; అది 180కి దగ్గరయ్యేకొద్దీ నీరు అంటడం తగ్గుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు పురుగు ముందుకు జారుతున్నప్పుడు, తోపు అయిపోయిన మధ్యకాళ్ళను నీటి మీదనుంచి ఎత్తి గాలిలో ముందుకు తెచ్చుకుంటుంది. ఆ కాసేపు శరీరాన్ని మోసేవి ముందు కాళ్ళూ వెనక కాళ్ళే. కాబట్టి మధ్యకాళ్ళు రెండూ లేకుండా నీటి మీద నిలవడం ఆరోగ్యంగా ఉన్న పురుగుకూ ప్రతి తోపు తర్వాత జరిగేదే. మధ్యకాలు పోయిన పురుగుకు నిలబడటంలో కొత్తగా నేర్చుకోవలసింది అంతగా ఉండదు.

మరి ఇంత ఆధారం ఎందుకు? నిలబడటానికి మాత్రమే అయితే పదిహేను రెట్లు వృథా. తోయడానికీ, ఎగరడానికీ అది కావాలి. పురుగు ముందుకు పోవాలంటే నీటిని వెనక్కి తోయాలి. కాలేమో నీటిలోకి దిగదు, నీటి పొరను కుంగదీసి, ఆ కుంగిన గుంటనే వెనక్కి నెడుతుంది. గుంట ఎంత లోతుగా ఉంటే అంత ఎక్కువ నీరు వెనక్కి పోతుంది. 2003లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన డేవిడ్ హూ, బ్రయాన్ చాన్, జాన్ బుష్ నీటిలో రంగు కలిపి ఈ తోపును వేగంగా చిత్రీకరించారు. అప్పటిదాకా ఉన్న ఆలోచన, పురుగు నీటి మీద పుట్టించే చిన్న అలలే దాన్ని ముందుకు తోస్తాయని. ఆ ఆలోచనలో ఒక చిక్కు ఉంది. నీటి మీద అలకు కనీస వేగం సెకనుకు 23 సెంటీమీటర్లు. అంతకంటే నెమ్మదిగా కదిలే కాలు అలను పుట్టించలేదు. గుడ్డులోనుంచి అప్పుడే వచ్చిన పిల్లపురుగుల కాళ్ళకు అంత వేగం ఉండదు, అయినా అవి హాయిగా తిరుగుతాయి. 1993లో జీవశాస్త్రజ్ఞుడు మార్క్ డెన్నీ ఎత్తిచూపిన ఈ చిక్కుకు ఎంఐటీ వారి రంగునీరు జవాబు చెప్పింది. ప్రతి మధ్యకాలి వెనకా, నీటి పొర కింద, నాలుగు మిల్లీమీటర్ల పాటి సుడుల జత ఒకటి పుట్టి వెనక్కి కదులుతోంది. పురుగు ముందుకు పోవడానికి కావలసిన ద్రవ్యవేగంలో ప్రధాన భాగం ఆ సుడులదే, అలలది కొద్దిపాటి వాటా.

కాలు పోయిన పురుగు విషయంలో ఈ సుడుల జ్ఞానం చాలా పనికివస్తుంది. రెండు మధ్యకాళ్ళు ఒకేసారి తోసినప్పుడు శరీరానికి రెండు వైపులా సమానమైన సుడులు వెనక్కి పోతాయి, పురుగు తిన్నగా ముందుకు జారుతుంది. ఎడమకాలు లేనప్పుడు కుడివైపు సుడులు మాత్రమే పుడతాయి. ఆ బలం శరీర మధ్యరేఖకు దూరంగా, పొడవైన కాలి చివర పనిచేస్తుంది కాబట్టి అది శరీరాన్ని ముందుకు నెట్టినంతగా ఎడమకు తిప్పుతుంది కూడా. గోదావరిలో ఒక పక్కనే తెడ్డు వేస్తే పడవ రెండో పక్కకు తిరగడం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. పడవ మనిషి తెడ్డును ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుంటాడు. పురుగుకు ఆ వీలు లేదు, దాని కాలు ఉన్న చోటే ఉంటుంది.

అయినా అది గిరగిరా తిరుగుతూ ఉండిపోదు. ఎందుకని ఆలోచిస్తే, నాకు తోచిన సమాధానం ఇది: ఒక్క మధ్యకాలితో తోయడం ఈ పురుగుకు కొత్త కాదు. ఆరోగ్యంగా ఉన్న పురుగు పక్కకు తిరగాలనుకున్నప్పుడు చేసేదే అది, ఒక కాలితో ఎక్కువగానూ రెండో కాలితో తక్కువగానూ తోస్తుంది, లేదా ఒక్క కాలితోనే తోస్తుంది. ఎర నీటిలో పడి కొట్టుకుంటే వచ్చే అలలను కాళ్ళలోని గ్రాహకాలతో పసిగట్టి, ఎటునుంచి వస్తున్నాయో తెలుసుకుని, ఇలాగే చప్పున అటు తిరుగుతుంది. అంటే తిరగడానికి కావలసిన కదలికలు, తిరిగిన తలను ఆపడానికి వెనక కాళ్ళను చాచే కదలికలు దాని నరాలలో ముందే ఉన్నాయి. కాలు పోయినప్పుడు వాటినే తిన్నగా పోవడానికి వాడుకోవలసి వస్తోంది. వెనక కాళ్ళను ఎంత దూరంగా చాచిపెడితే శరీరం తిరగడానికి నీటి అడ్డు అంత ఎక్కువవుతుంది. కల్యాణిలో నేను చూసిన పురుగు తోపుకు ముందు వెనక కాళ్ళను బార్లా చాచడానికి ఇదే కారణమని నేను నమ్ముతున్నాను. తోపును చిన్నది చేసుకోవడం కూడా అందుకే. పెద్ద తోపు ఒక్కసారిగా ఎక్కువ కోణం తిప్పేస్తుంది, చిన్న తోపుల మధ్య దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

మిగిలిన కాలితో రెట్టింపు బలంగా తోస్తే సరిపోదా అన్న ప్రశ్న రావచ్చు. సరిపోదు, రెండు కారణాల వల్ల. ఒకటి ఇప్పుడే చెప్పిన తిరుగుడు. రెండోది నీటి పొర. సెంటీమీటరుకు 1.44 మిల్లీన్యూటన్లన్న ఆ గరిష్ఠ పరిమితి దాటితే పొర చిరిగి కాలు లోపలికి దిగబడుతుంది, పట్టు పోతుంది. దక్షిణ కొరియాలో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలోని హార్వర్డ్ వారితో కలిసి 2015లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పని ఈ విషయాన్ని అందంగా చూపించింది. ఈ పురుగులు నీటి మీదనుంచి పైకి ఎగిరేటప్పుడు మధ్య, వెనక కాళ్ళతో నీటిని నొక్కే బలాన్ని నెమ్మదిగా పెంచుకుంటూ పోతాయి, పొర చిరిగే హద్దును మాత్రం దాటవు. అదే సూత్రంతో వారు 68 మిల్లీగ్రాముల రోబోను చేసి నీటి మీదనుంచి ఎగరవేశారు. చేపో, వెల్లకిలా ఈదే నీటిపురుగో కిందనుంచి దాడి చేసినప్పుడు ఆ ఎగురుడే ప్రాణాన్ని కాపాడుతుంది. నాలుగు కాళ్ళు సమంగా నొక్కవలసిన చోట మూడే ఉంటే లేచే బలం తగ్గడమే కాకుండా శరీరం ఒక పక్కకు ఒరుగుతూ లేస్తుంది. కాలు పోయిన పురుగుకు నడకలో కలిగే నష్టం కంటే ఈ నష్టం ఎక్కువ ప్రమాదకరమని నాకనిపిస్తుంది.

నేల మీద నడిచే కీటకాల సంగతి వేరు. బొద్దింక, చీమ మొదలైనవి మూడు కాళ్ళను ఒక జట్టుగా వాడతాయి: ఒక పక్క ముందు కాలు, వెనక కాలు, రెండో పక్క మధ్యకాలు కలిసి లేస్తాయి, ఆ సమయంలో మిగిలిన మూడూ నేల మీద ముక్కాలిపీటలా నిలుస్తాయి. దీనిలో రెండు మధ్యకాళ్ళను తీసేస్తే, పాత క్రమమే కొనసాగితే ఒకే పక్కనున్న ముందు, వెనక కాళ్ళు కలిసి లేచి పురుగు పక్కకు పడిపోవాలి. పడదు. 1921లో ఫాన్ బుడ్డెన్‌బ్రాక్ పుల్లపురుగుల మీద, 1957లో హ్యూస్ బొద్దింకల మీద చేసిన ప్రయోగాలలో మిగిలిన నాలుగు కాళ్ళు వెంటనే ఎదురుబొదురు మూలల జంటలుగా కొత్త క్రమంలోకి మారాయి. నడక క్రమం నరాలలో ఒకే అచ్చుగా పోసి లేదనీ, ఒక కాలి స్థితిని బట్టి పక్క కాలు సర్దుకుంటుందనీ ఈ ప్రయోగాలు చూపాయి. నేల మీద కీటకానికి మొదటి అవసరం పడిపోకుండా ఉండటం, దాని సర్దుబాటంతా అందుకోసమే. నీటి మీద పురుగుకు పడిపోయే భయం లేదు, ఆ పని తలతన్యత చేసిపెడుతుంది. కాబట్టి దాని సర్దుబాటంతా దిశను కాపాడుకోవడం కోసం.

మా నాన్న తణుకు దగ్గర వరి పండించిన మనిషి. ఆయన బెంగళూరు వచ్చినప్పుడు ఈ పురుగులను చూపించాను.

"ఇవి మన చేలో ఉండేవే కదమ్మా" అన్నారు.

"చేలో వీటికంటే బాగా చిన్నవి ఇంకో రకం ఉంటాయి నాన్నా. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు."

"అవీ తెలుసు. దుబ్బు తట్టి చూస్తే నీళ్ళలో రాలిన దోమపిల్లల మీదికి గుంపుగా వచ్చి పడేవి. మందు కొట్టిన మడిలో ముందు మాయమయ్యేవి అవే."

ఆయన చెప్పిన ఆ చిన్న పురుగు మైక్రోవీలియా. జెర్రిడేకు దగ్గరి చుట్టమైన వీలిడే కుటుంబానికి చెందినది. ఆసియా వరిచేలలో సుడిదోమ పిల్లలను తినే మిత్రపురుగుగా వ్యవసాయ శాస్త్రజ్ఞులకు బాగా తెలిసినది. దాని కాళ్ళ పొడవుల్లో పెద్ద తేడాలు లేవు. అది తెడ్డు వేయదు, నీటి మీద కూడా బొద్దింకలాగే మూడేసి కాళ్ళ జట్లతో నడుస్తుంది. తోపు బలం ఆరు కాళ్ళకూ పంచి ఉంటుంది కాబట్టి, ఒక కాలు పోతే పోయేది మొత్తం బలంలో ఒక వాటా మాత్రమే. మిగిలిన ఐదు అదే పని చేస్తూ ఉంటాయి. పైగా దానికి కాళ్ళతో నిమిత్తం లేని దారి ఇంకొకటి ఉంది. ఆపద వచ్చినప్పుడు అది నోటినుంచి కొద్దిపాటి ద్రవాన్ని వెనక నీటి మీద వదులుతుంది. అక్కడ తలతన్యత పడిపోతుంది, ముందున్న నీటి పొర బలంగా లాగుతుంది, పురుగు సెకనుకు 17 సెంటీమీటర్ల దాకా వేగంతో ముందుకు కొట్టుకుపోతుంది. కాళ్ళు ఎన్ని ఉన్నాయన్నది అక్కడ ప్రశ్నే కాదు.

అయితే మైక్రోవీలియా వంటి చిన్న పురుగులకు ముందు కాలు పోవడం ఒక చోట గట్టి దెబ్బ. గట్టు దగ్గర, వరి దుబ్బు మొదట్లో, నీరు అంచువెంట పైకి వంగి ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల ఆ వంపు మనకు కనబడదు గానీ, అంత చిన్న పురుగుకు అది జారుడు కొండ. ఎంత తోసినా వెనక్కి జారుతుంది. 2005లో డేవిడ్ హూ, జాన్ బుష్ ఆ వంపును పురుగు ఎక్కే పద్ధతిని వివరించారు. అది నడవడం మానేసి ఒక భంగిమలో నిలుస్తుంది. ముందు కాళ్ళ చివరనున్న, నీరు అంటుకునే గోళ్ళతో నీటి పొరను పైకి లాగి పట్టుకుంటుంది, మధ్యకాళ్ళతో కిందికి నొక్కుతుంది, వెనక కాళ్ళతో మళ్ళీ పైకి లాగుతుంది. పైకి లేచిన నీటి పొర గట్టు దగ్గర లేచిన నీటి పొర వైపు ఆకర్షించబడుతుంది, పురుగు కాలు కదపకుండానే వంపు ఎక్కి గట్టుకు చేరుతుంది. ఇక్కడ తెడ్డు వేసే కాలికంటే నీటిని పట్టుకునే ముందు కాలికే విలువ ఎక్కువ. నీటి నడిమధ్యన ముందు కాలు పోయిన పురుగును చూసి దానికి ఏ లోటూ లేదనుకుంటే, గట్టు దగ్గర ఆ అంచనా తప్పుతుంది.

మధ్యకాళ్ళు ఇలా పొడవుగా ఎలా పెరిగాయన్నది 2009లో అబ్దెర్‌రహ్మాన్ ఖీలా, ఎహాబ్ అబూహీఫ్, లాక్ రో వివరించారు. ఈ పురుగుల పూర్వీకులలో అన్నిటికంటే పొడవైనవి వెనక కాళ్ళు. శరీర భాగాలకు రూపం ఇచ్చే అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు వాటర్ స్ట్రైడర్లలో మధ్యకాళ్ళను పొడిగిస్తుంది, వెనక కాళ్ళను పొట్టి చేస్తుంది. ఒకే జన్యువు రెండు జతల్లో రెండు వ్యతిరేకమైన పనులు చేస్తుంది. అలా పని ఒక జత మీదికి చేరడం వల్ల వేగం వచ్చింది. అదే కారణంగా ఆ జతలో ఒకటి పోతే తగిలే దెబ్బ కూడా పెరిగింది. ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనిపించేది వడిగా పారే సెలయేళ్ళలో ఉండే రాగోవీలియా అనే పురుగులో. దాని మధ్యకాళ్ళ చివర చిన్న విసనకర్ర ఉంటుంది, నీటిలోకి దిగగానే విచ్చుకుంటుంది. 2017లో ఖీలా బృందం ఆ విసనకర్రను పెంచే జన్యువులను అణచివేసి చూసింది. కాళ్ళు ఆరూ ఉన్నాయి, విసనకర్ర మాత్రమే లేదు. అంతమాత్రానికే పురుగు ప్రవాహానికి ఎదురు నిలవడంలో వెనకబడింది.

పోయిన కాలు మళ్ళీ వస్తుందా అని నన్ను అడిగినవారు ఉన్నారు. కీటకానికి కాలు తిరిగి పెరగాలంటే కుబుసం విడవాలి. బొద్దింక పిల్లకు పోయిన కాలు తర్వాతి కుబుసాలలో కాస్త చిన్నదిగానైనా వస్తుంది. వాటర్ స్ట్రైడర్ పిల్లపురుగు దశలో ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ఆ తర్వాత ఇక కుబుసం లేదు. కాబట్టి పెద్ద పురుగుకు కాలు పోతే పోయినట్టే, మిగిలిన బతుకంతా ఐదు కాళ్ళతోనే. రెక్కలున్నదైతే నీరు ఎండినప్పుడు మరో చోటికి ఎగిరిపోగలదు. ఒకే జాతిలో రెక్కలున్నవీ లేనివీ రెండు రకాలూ ఉంటాయి, రెక్కలు లేనిదానికి కల్యాణిలో నీరున్నంత కాలమే జీవితం.

ఇక్కడ బెంగళూరు చెరువుల గురించి ఒక మాట చెప్పక తప్పదు. శుద్ధి చేయని మురుగునీటిలోని డిటర్జెంట్లు నీటి తలతన్యతను తగ్గిస్తాయి, కాలి రోమాల మధ్య గాలిని తొలగించి నీరు లోపలికి పాకేటట్టు చేస్తాయి. బెళ్ళందూరు చెరువులో నురగ రోడ్ల మీదికి ఎగిరిపడటం, 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు మీద మంటలు లేవడం అందరూ టీవీలో చూశారు. నురగ తేలే నీటి మీద ఈ పురుగు నాకెక్కడా కనిపించలేదు. ఐదు కాళ్ళతో, నాలుగు కాళ్ళతో కూడా సర్దుకుని బతికే పురుగు ఆరు కాళ్ళూ ఉండి మునిగిపోయే పరిస్థితి అది. ఒక అవయవం పోతే మిగిలినవి సర్దుకుంటాయి, కాలి కింది నీటి పొరే బలహీనపడితే సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ పురుగులను చూడాలనుకునేవారు కాళ్ళు తుంచి పరీక్షించవద్దు, ఆ అవసరం లేదు. ఎక్కువ పురుగులున్న చోట ఓపికగా నీడలను లెక్కపెడితే, కాలు పోయినది ఏదో ఒకటి దొరుకుతుంది. మొబైల్లో స్లో మోషన్ పెట్టి, నీటికి నిట్టనిలువుగా పైనుంచి తీయండి. ఒక్క తోపు కొద్ది ఫ్రేములలోనే అయిపోతుంది కాబట్టి తర్వాత ఒక్కొక్క ఫ్రేము ఆపి చూసుకోవాలి. పోయినది ఎడమ కాలా కుడి కాలా, ముందుదా మధ్యదా వెనకదా, తోపుకు ముందు వెనక కాళ్ళు ఎక్కడ పెట్టుకుంది, తోపు తర్వాత తల ఎటు తిరిగింది అన్నవి రాసుకుంటే చాలు. కాలు మొదలంటా పోయిందా, సగంలో తెగిందా అన్నది మాత్రం తప్పకుండా చూడండి, ఆ మొండిని అది నీటికి ఆనిస్తోందా లేక ఎత్తిపెట్టుకుందా అన్నది కూడా. ముందు చెప్పిన లెక్క ప్రకారం సెంటీమీటరులో పావువంతు మొండి నీటికి ఆనినా దాని కింద పురుగు బరువుకు మూడు రెట్లకు పైగా ఆధారం దొరుకుతుంది.